లాజ్యూనెస్ అనే పేరుతో ఇద్దరు పియేర్‌లు: ఒక క్యుబెక్ వంశవృక్షం కేస్

ఈ కేస్ రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు మార్చాను, కొన్నిచోట్ల వదిలేశాను. ‘లాజ్యూనెస్’ కూడా వాళ్ల అసలు మారుపేరు కాదు, అదే కోవలోది ఇంకొకటి తీసుకున్నాను. కొన్ని సంవత్సరాలు కాస్త అటూ ఇటూ జరిపాను. ఏ కాగితంలో ఏముంది, దాని తర్వాత ఏ కాగితం ఎందుకు తెరిచాను అన్నది మాత్రం జరిగింది జరిగినట్టే ఉంది.

ఫోన్ వచ్చేనాటికి ఉన్నది

నేనుండేది కెనడాలో, క్యుబెక్ రాష్ట్రంలోని మాంట్రియల్‌లో. ఫ్రెంచ్ పాలన నాటి చర్చి రిజిస్టర్లు, నోటరీ దస్తావేజులు చదివి, అడిగినవాళ్లకు వంశవృక్షం కట్టిపెట్టడం నా వృత్తి. అల్లుడో కోడలో ఇక్కడివాళ్లయిన తెలుగు కుటుంబాల నుంచి కూడా ఈమధ్య పనులు వస్తున్నాయి. ఇది అలా వచ్చిందే. అమెరికాలో, న్యూ ఇంగ్లండ్‌లోని ఒక పాత బట్టల మిల్లుల ఊళ్లో ఉంటున్న తెలుగమ్మాయి ఫోన్ చేసింది. భర్త అక్కడివాడు. మామగారికి 80 నిండబోతున్నాయి.

“అక్కా, వెతకాల్సిందేమీ లేదు, చెట్టంతా ఉంది. మీరొకసారి చూసి సరే అంటే ఫ్రేమ్ కట్టించి మామయ్యగారికి ఇస్తాం.”

“చూస్తానమ్మా. కానీ నేను సరే అనాలంటే ప్రతి తరానికీ ఒక కాగితం కావాలి” అన్నాను.

ఇప్పుడు వాళ్ల ఇంటిపేరు యంగ్. మామగారి బాబాయి ఒకాయన 1970లలో ఈ చెట్టు గీశారు. సిప్రియాన్ టాంగే అనే ఫాదర్ 1871 నుంచి 1890 దాకా ఏడు సంపుటాలుగా వేసిన వంశావళి నిఘంటువు ఆయనకు ఆధారం. దాని ప్రకారం మూలపురుషుడు 1665లో కరిన్యాన్-సాలియేర్ రెజిమెంటుతో వచ్చిన సైనికుడు. మారుపేరు లాజ్యూనెస్, అంటే యవ్వనం. అమెరికా చేరాక అదే యంగ్ అయింది. ఇరొక్వా తెగలతో పోరాడమని ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ పంపిన ఆ రెజిమెంటులో సుమారు 1,200 మంది ఉండేవారు. 1668లో పటాలం తిరిగి వెళ్లేటప్పుడు సుమారు 400 మంది ఇక్కడే ఉండిపోయారు. క్యుబెక్ మూలాలున్న ఇళ్లల్లో ఆ పేరుకున్న గౌరవం అంతా ఇంతా కాదు. మామగారి హాల్లో ఆ రెజిమెంటు జెండా బొమ్మ గోడకు ఉంది. వీడియో కాల్‌లో ఆయన నాకు మొదట చూపించింది అదే.

ఆ చెట్టు ఆన్‌లైన్‌లో పదకొండు చోట్ల కనిపించింది. పదకొండూ ఒకదాన్ని చూసి ఒకటి ఎక్కించినవే. బాబాయిగారు ఒక ఊరి పేరులో చేసిన అక్షరదోషం అన్నిట్లోనూ అలాగే ఉంది. పదకొండు మంది చెప్పారు కాబట్టి నిజమే అనుకోవడానికి లేదు, చెప్పింది ఒక్కరే.

మొదటి నాలుగు పెళ్లిళ్లు

క్యుబెక్‌లో వంశం వెతకడమంటే ఇప్పటి మనిషి దగ్గర మొదలుపెట్టి పెళ్లి నుంచి పెళ్లికి వెనక్కి నడవడం. దీనికి కారణముంది. ఆనాటి చర్చి పెళ్లి నమోదులో వరుడి తల్లిదండ్రులు, వధువు తల్లిదండ్రులు పేర్లతో ఉంటారు. తల్లులకు పుట్టింటి ఇంటిపేరే రాస్తారు. అంటే ఒక్క కాగితం దొరికితే రెండు వైపులా ఇంకో తరం తెలిసిపోతుంది. పైగా రిజిస్టరు రెండు ప్రతులు రాయాలి: ఒకటి పారిష్‌లో, అంటే ఆ ఊరి చర్చి పరిధిలో, ఉంటుంది, రెండోది కోర్టుకు వెళుతుంది. ఒకటి పోయినా ఇంకొకటి మిగిలే అవకాశం ఉంది. 1940ల ప్రాంతంలో ద్రువాన్ సంస్థ ఈ రిజిస్టర్లను మైక్రోఫిల్మ్ తీసింది. వాటి ఇమేజ్‌లు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు 1966లో మొదలుపెట్టిన జనాభా చరిత్ర డేటాబేస్, మా వాడుకలో పీఆర్‌డీహెచ్, 1799 దాకా ఉన్న నమోదులన్నిటినీ కుటుంబాల వారీగా కలిపింది. ఇంత బలమైన ఆధారాలున్న వలస సమాజం ఇంకొకటి నాకు తెలియదు.

1840 నుంచి 1930 దాకా సుమారు 9 లక్షల మంది క్యుబెక్ నుంచి అమెరికాకు, ఎక్కువగా న్యూ ఇంగ్లండ్ మిల్లులకు, వలస వెళ్లారు. రువా కింగ్ అయ్యాడు, బువావేర్ గ్రీన్‌వుడ్ అయ్యాడు, లెబ్లాన్ వైట్ అయ్యాడు. మన కుటుంబానికి ఇక్కడ ఇబ్బంది రాలేదు. 1898 పెళ్లి జరిగిన చర్చిలో ఫాదర్ ఫ్రెంచివాడు కావడంతో లాజ్యూనెస్ అనే రాశాడు. అక్కడి నుంచి 1869, 1836, 1793 పెళ్లిళ్లు వారంలో దొరికాయి. మూడూ క్యుబెక్ నగరానికి దిగువన, నది దక్షిణపు ఒడ్డు పారిష్‌లలో జరిగినవి.

1793 దగ్గర ఆగిపోయాను. వరుడు జోసెఫ్ లాజ్యూనెస్. తండ్రి ‘కీ.శే. పియేర్ లాజ్యూనెస్’, తల్లి ‘కీ.శే. మరీ’, పక్కన ఆమె పుట్టింటి పేరు. ఆ ఇంటిపేరు నది ఒడ్డున సగం ఊళ్లల్లో ఉంది. మరీ అన్నది దాదాపు ప్రతి ఆడపిల్లకూ ముందు పెట్టే పేరు, అసలు పిలుపు దాని తర్వాత వస్తుంది. ఇద్దరూ అప్పటికే చనిపోయారు కాబట్టి సరిచెప్పేవాళ్లు లేరు, ఫాదర్ సగం పేరుతో సరిపెట్టుకున్నాడు. పియేర్ లాజ్యూనెస్‌కు ఆ ఇంటిపేరు ఆడపిల్లతో పెళ్లి జరిగినట్టు ఎక్కడా లేదు. పీఆర్‌డీహెచ్ కూడా ఈ దంపతులను ఏ కుటుంబానికీ కలపకుండా వదిలేసింది.

బాబాయిగారు ఈ ఖాళీని ఇలా పూడ్చారు: ఎగువన ఒక పారిష్‌లో 1731లో ఒక పియేర్ లాజ్యూనెస్ జ్ఞానస్నానం ఉంది. అతను కరిన్యాన్ సైనికుడి మనవడు. వయసు సరిపోతుంది, పేరు సరిపోతుంది. గీత గీసేశారు.

మారుపేర్ల సంగతి

ఇక్కడ ‘డిట్’ పేర్ల గురించి చెప్పాలి. ఫ్రెంచివాళ్లు దీ అని పలుకుతారు, ‘అనబడే’ అని అర్థం. మన ఊళ్లల్లో ఒకే ఇంటిపేరుతో నాలుగు కుటుంబాలుంటే చింతచెట్టోళ్లు, బావికాడోళ్లు అని వేరుచేసి పిలుస్తాం కదా, అలాంటిదే. కాకపోతే అక్కడ అది రిజిస్టర్లలోకి ఎక్కింది. సైనికులకైతే సైన్యంలో చేరగానే ఒక మారుపేరు తగిలించేవారు: సాన్-సూసీ అంటే చింతలేనివాడు, లా తులిప్, లా వెర్డూర్, లాజ్యూనెస్. ఈ పేర్లు తరతరాలూ వచ్చిన ప్రతి పటాలంలోనూ మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. కాబట్టి ఇద్దరు లాజ్యూనెస్‌లు చుట్టాలు కావాల్సిన అవసరమే లేదు. పిల్లల్లో ఒకడు అసలు ఇంటిపేరు, ఇంకొకడు మారుపేరు పెట్టుకోవడమూ మామూలే.

ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసి కూడా తర్వాత రెండు నెలలు తప్పుదారిలో నడిచాను. ఈ కేస్ రాయడానికి ముఖ్య కారణం అదే.

ఫలించని ప్రయత్నాలు

మొదట పెళ్లి నమోదు కాలిపోయి ఉంటుందనుకున్నాను. ఆ అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. 1759 సెప్టెంబరులో, క్యుబెక్ ముట్టడి సమయంలో, బ్రిటిష్ దళాలు ఆ దక్షిణపు ఒడ్డు వెంబడి ఊరి తర్వాత ఊరు తగలబెట్టుకుంటూ వెళ్లాయి. ఇళ్లు, కొట్టాలు, కోతకొచ్చిన పంట అన్నీ పోయాయి. పెళ్లి ఆ ప్రాంతాల్లోనే, ఆ కాలంలోనే జరిగి ఉండాలి. రెండింటినీ కలిపి, ‘రిజిస్టరు యుద్ధంలో పోయి ఉండవచ్చు, 1731 పియేర్ తండ్రి కావడానికే అవకాశం ఎక్కువ’ అని మధ్యంతర రిపోర్టులో రాసి పంపాను. అది నా తప్పు. ఆ పారిష్‌ల రిజిస్టర్లు అప్పటికి తెరిచి చూడలేదు. తర్వాత చూస్తే 1757 నుంచి 1763 దాకా పేజీ నంబర్లు తెగకుండా ఉన్నాయి, ఏడాదికి పడాల్సినన్ని పెళ్లిళ్లు పడ్డాయి. పోయిందనుకున్నది ఏదీ పోలేదు.

రెండోది డీఎన్ఏ. మామగారు ఉత్సాహంగా మామూలు టెస్టు చేయించుకున్నారు. 1731 పియేర్ సంతతిలో ముగ్గురితో మ్యాచ్ వచ్చింది. అమ్మాయి సంబరంగా మెసేజ్ పెట్టింది. నేను సంబరపడలేకపోయాను. ఫ్రెంచ్ పాలన మొత్తంలో వచ్చి పిల్లాపాపలతో స్థిరపడినవాళ్లు పదివేలకు అటూ ఇటూ మాత్రమే. 1760 నాటికి జనాభా సుమారు 70 వేలు. ఇప్పుడున్న లక్షలాది మంది వాళ్ల సంతానమే కాబట్టి, ఎవరిని ఎవరితో పోల్చినా పది దారుల్లో చుట్టరికం తగులుతుంది. ఆ ముగ్గురితోనూ మామగారికి తల్లి వైపు నుంచే నాలుగైదు చుట్టరికాలు లెక్కతేలాయి. ఈ ప్రశ్నకు పనికొచ్చేది కొడుకు నుంచి కొడుకుకు దిగే వై-డీఎన్ఏ ఒక్కటే. దానికి కరిన్యాన్ సైనికుడి మగ సంతతి అని రుజువున్న మనిషి కావాలి. ఇద్దరిని అడిగాను. ఒకాయన వద్దన్నారు, ఇంకొకాయన జవాబివ్వలేదు.

పెద్దాయన అడిగిన ప్రశ్న

వీడియో కాల్‌లో మధ్యంతర రిపోర్టు చదివి వినిపించాక మామగారు ఒకే మాట అడిగారు: “మరి ఆ పియేర్ ఎప్పుడు పోయాడు?”

నా దగ్గర జవాబు లేదు. ఒక మనిషిని చెట్టులో పెట్టేముందు అతను ఎప్పుడు, ఎక్కడ, ఎవరి భర్తగా చనిపోయాడో చూడాలి. పుట్టుక దొరకగానే ఆగిపోతే ఆ బిడ్డ పెద్దయ్యాడో లేదో, ఎవరిని కట్టుకున్నాడో తెలియకుండానే వాడి నెత్తిన ఒక కుటుంబాన్ని పెట్టేస్తాం.

1731 పియేర్ కోసం సమాధి నమోదులు చూశాను, వెంటనే దొరకలేదు. దాంతో నోటరీల వైపు తిరిగాను. ఫ్రెంచ్ కెనడాలో రైతు కూడా నోటరీ దగ్గరికి వెళ్లకుండా ఏ పనీ చేసేవాడు కాదు: పెళ్లి ఒప్పందం, పొలం అమ్మకం, అప్పు, ఆస్తి పంపకం, అన్నీ రాయించుకోవాల్సిందే. ఆ దస్తావేజులు క్యుబెక్ జాతీయ గ్రంథాలయ ప్రాచీన పత్రాల విభాగంలో ఉన్నాయి, చాలావరకు ఆన్‌లైన్‌లోనే చూడొచ్చు. అక్కడ 1796 నాటి ఒక దానపత్రం దొరికింది. 65 ఏళ్ల పియేర్, భార్య పోయినవాడు, తన పొలం చిన్నకొడుకు పేర రాసిచ్చేస్తున్నాడు. బదులుగా కొడుకు ఏటా ఇవ్వాల్సినవి ఒక్కొక్కటీ రాయించాడు: ఇన్ని కొలతల గోధుమలు, బాగా మేపిన పంది ఒకటి, నరికి గుమ్మం దగ్గర పేర్చిన కట్టెలు, ‘చావని ఆవు’ ఒకటి. చావని ఆవంటే, ఆవు చస్తే కొడుకు ఇంకో ఆవును తెచ్చి కట్టాలని. ఈ మాట ఆనాటి దానపత్రాల్లో తరచుగా వస్తుంది, అయినా చూసిన ప్రతిసారీ కాసేపు ఆగిపోతాను. వయసు మళ్లిన తండ్రి భయమంతా ఆ రెండు మాటల్లో ఉంది. అడుగున అతని సంతకం ఉంది, అలవాటున్న చెయ్యి.

1793లో ‘కీర్తిశేషుడు’ అయిన మనిషి 1796లో దానపత్రం మీద సంతకం పెట్టడు. దానపత్రంలో చెప్పిన భార్య పేరు కూడా వేరే. పదకొండు చోట్ల ఉన్న చెట్టు అక్కడ విరిగింది.

ఇండెక్స్‌లో లేని సగం లైను

ఇప్పుడు చేతిలో ఉన్నది 1793 నమోదు ఒక్కటే. అప్పటిదాకా దాన్ని ఇండెక్స్‌లో చదివాను, ఇమేజ్‌ను పైపైన చూశాను. ఈసారి జూమ్ చేసి అక్షరం అక్షరం ఎత్తిరాసుకున్నాను. సిరా పాలిపోయింది, ఫాదర్ చేతిరాత కుడివైపు ఒరిగిపోయి ఉంది. మూడు ఆదివారాల చాటింపు గురించిన వాక్యం తర్వాత సగం లైను ఉంది: మూడు నుంచి నాలుగో డిగ్రీ రక్తసంబంధానికి మినహాయింపు ఇవ్వడమైనది. ఇండెక్స్ చేసినవాళ్లు దీన్ని ఎక్కించలేదు.

మనకు మేనరికం అంటే ఇంట్లో పెద్దవాళ్లు ముచ్చటపడే సంబంధం. అక్కడ కాథలిక్ చర్చి నాలుగో డిగ్రీ దాకా చుట్టాల మధ్య పెళ్లి నిషేధించింది. చేసుకోవాలంటే బిషప్ తరఫున అనుమతి కావాలి. లెక్క ఎలాగంటే, వధూవరులకు ఉమ్మడి పూర్వీకుల దాకా ఎవరి మెట్లు వాళ్లు లెక్కపెట్టాలి. ‘మూడు నుంచి నాలుగు’ అంటే ఒకరికి మూడు మెట్లు, ఇంకొకరికి నాలుగు. ఆనాటి ఫాదర్ ఇది సరదాకు రాయలేదు. లెక్క తప్పితే పెళ్లే చెల్లదు కాబట్టి పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగి రాశాడు.

అంటే 1793లో ఆ ఊళ్లో అందరికీ తెలిసిన ఒక చుట్టరికం నాకు సాక్ష్యంగా దొరికింది. వధువు పూర్వీకులు తిరుగులేకుండా తెలుసు. నాలుగు మెట్లు పైకి ఆమె వైపు పటం గీసుకున్నాను. తర్వాత, ఖాయం చేసుకోవడానికే, 1731 పియేర్ పూర్వీకులను దాని పక్కన పెట్టాను. ఉమ్మడి జంట లేదు. చుట్టరికం వరుడి తల్లి వైపు నుంచే రావాలి.

ఆ ఇంటిపేరుతో వయసుకు సరిపోయే మరీలు ఇద్దరు తేలారు: మరీ-జోసెఫ్త్, మరీ-లూయీజ్. పెదనాన్న, చిన్నాన్న కూతుళ్లు కాదు, కాస్త దూరపు చుట్టాలు. లూయీజ్ వైపు పెట్టి చూస్తే వధువుతో ఏ చుట్టరికమూ పడలేదు. జోసెఫ్త్ వైపు పెడితే ఆమె తాత-నాయనమ్మలే వధువుకు ముత్తాత అమ్మానాన్నలు. వరుడి నుంచి మూడు మెట్లు, వధువు నుంచి నాలుగు. సరిగ్గా పడింది.

భార్య పేరు పట్టుకుని

ఇక్కడి నుంచి పియేర్‌ను వెతకడం మానేసి జోసెఫ్త్‌ను వెతికాను. ఈ కేసులో నాకు బాగా పనికొచ్చిన నిర్ణయం ఇదే. క్యుబెక్ కాగితాల్లో మగవాడి పేరు మారుతూ ఉంటుంది, ఆడమనిషి పేరు మారదు. పెళ్లయినా, పది మంది పిల్లలు పుట్టినా, భర్త పోయినా చట్టం దృష్టిలో ఆమె పుట్టింటి పేరుతోనే ఉంటుంది. ఆమె సమాధి నమోదు కూడా ఆ పేరుతోనే. భర్త మూడు పేర్లతో ముగ్గురు మనుషుల్లా కనిపిస్తున్నప్పుడు, పక్కనున్న భార్య ఒక్కతే అని గుర్తిస్తే ముగ్గురూ ఒకడేనని తెలుస్తుంది.

జోసెఫ్త్ తల్లిగా ఉన్న జ్ఞానస్నానాలు 1762 నుంచి 1776 దాకా పక్కపక్కనున్న రెండు పారిష్‌లలో ఏడు దొరికాయి. తండ్రి పేరు మొదటి రెండిట్లో ‘పియేర్ ఫలానా’, తర్వాతి మూడింట్లో ‘పియేర్ ఫలానా, లాజ్యూనెస్ అనబడే’, చివరి రెండిట్లో ఉత్త ‘పియేర్ లాజ్యూనెస్’. (ఆ ఫలానా అనే చోట ఉన్న అసలు ఇంటిపేరు ఇక్కడ రాయడం లేదు.) పద్నాలుగేళ్లలో ఒక ఇంటిపేరు ఎలా కరిగిపోయిందో వరుసగా కళ్ల ముందు కనిపించింది. నాలుగో బిడ్డ జోసెఫ్, 1769. అతని జ్ఞానతండ్రి మేనమామ.

పెళ్లి 1761లో ఉంది, అసలు ఇంటిపేరుతో. లాజ్యూనెస్ ఊసే లేదు, అందుకే ఎవరికీ దొరకలేదు. వరుడు ‘బెయార్న్ రెజిమెంటు మాజీ సైనికుడు’. ఆ రెజిమెంటు దళం 1755లో వచ్చింది. 1760 సెప్టెంబరు 8న మాంట్రియల్ లొంగిపోయాక సైనికులను ఓడలెక్కించి ఫ్రాన్స్ పంపేశారు. కొందరు ఓడ ఎక్కకుండా పల్లెల్లో ఉండిపోయారు. చలికాలాల్లో వాళ్లను రైతుల ఇళ్లల్లోనే ఉంచేవారు కాబట్టి అప్పటికే చాలామందికి అక్కడ ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒక మనిషి ఏర్పడ్డారు.

ఇలాంటి వరుడు దొరికితే తప్పక చూడాల్సిన రికార్డు ఒకటుంది. ఫ్రాన్స్‌లో ముందే పెళ్లయిందేమో అన్న అనుమానంతో క్యుబెక్ మేత్రాసనం (బిషప్ పరిధి) వాళ్లు, పెళ్లాడబోయే సైనికుల చేత ప్రమాణం చేయించి సాక్షులతో సహా రాయించుకున్నారు. 1757 నుంచి 1763 మధ్యవి మిగిలాయి. మన పియేర్ వాంగ్మూలం అందులో ఉంది. వయసు 25 అని, ఫ్రాన్స్ నైరుతిలోని గాస్కొనీలో ఓష్ మేత్రాసనంలోని ఒక పారిష్ అని, 19వ ఏట ఇల్లు విడిచానని చెప్పాడు. సాక్షులు అదే రెజిమెంటు వాళ్లు, ఒకడు సాన్-సూసీ, ఇంకొకడు లా తులిప్. ఇద్దరూ తమ తోటివాడిని లాజ్యూనెస్ అనే పిలిచారు. అసలు ఇంటిపేరు, మారుపేరు, రెజిమెంటు మూడూ ఒకే కాగితం మీద మొదటిసారి అక్కడ కలిశాయి.

అయినా 1769లో పుట్టిన జోసెఫే 1793 వరుడని ఇంకా రుజువు కాలేదు. చుట్టరికం లెక్క బలమైనదే, కానీ లెక్క లెక్కే. దీనికి జోసెఫ్త్ చావు కాగితాలు వెతికాను. పారిస్ ఆచారం అనే చట్టం ప్రకారం భార్యాభర్తల ఆస్తి ఉమ్మడిది. ఒకరు పోయి మైనర్ పిల్లలుంటే, బంధుమిత్రులు ఏడుగురు కూర్చుని గార్డియన్‌ను ఎన్నుకుని, ఇంట్లో వస్తువులన్నీ లెక్క రాయించాలి. బ్రిటిష్‌వాళ్లు వచ్చాక కూడా ఆ పద్ధతి కొనసాగింది. జోసెఫ్త్ 1779లో పోయింది. ఆ శీతాకాలం నోటరీ ఇంటికొచ్చి గది గదీ తిరిగి రాశాడు: ఇనుప పొయ్యి ఒకటి, రాగి కుండలు రెండు, అందులో ఒకటి చిల్లుపడింది, ఈకల పరుపు, ఎర్రావు, గొర్రెలు మూడు, పాత తుపాకీ ఒకటి. చివర్లో ఇంట్లో ఉన్న కాగితాల జాబితా. మొదటి కాగితం, 1761లో ఫలానా నోటరీ ముందు రాసుకున్న పెళ్లి ఒప్పందం. భర్త ‘పియేర్ ఫలానా, లాజ్యూనెస్ అనబడే’. పిల్లలు వయసులతో సహా ఐదుగురు, జోసెఫ్ పదేళ్లవాడు. తండ్రే గార్డియన్, తండ్రి మీద ఒక కన్నేసి ఉంచడానికి ఎన్నుకున్నది మేనమామను. 1793 పెళ్లిలో వరుడి తరఫున మొదటి సాక్షి ఆ మేనమామే. అడుగున తండ్రి ‘సంతకం రాదని చెప్పాడు’ అని నోటరీ రాశాడు. దానపత్రం మీద చక్కగా సంతకం పెట్టిన ఎగువ పియేర్ ఈయన కాదని చెప్పడానికి అదీ ఒక చిన్న సాక్ష్యం.

ఇంటివాళ్లకు చెప్పడం

అమ్మాయికి టెన్షన్. “మామయ్యగారికి ఎలా చెప్పాలక్కా, ఆ బొమ్మ దగ్గరే రోజూ కాఫీ తాగుతారు.” నేనే చెప్పాను. కాగితాలు ఒక్కొక్కటీ స్క్రీన్ మీద పెట్టి, ఏది దేనికి ముడిపడిందో వరుసగా చూపించాను. దానపత్రం దగ్గర ఆయన ఆపించి, ఆవు సంగతి రెండోసారి చెప్పించుకున్నారు. మధ్యంతర రిపోర్టులో నేను రాసింది తప్పని, ఎందుకు తప్పానో కూడా చెప్పాను. ఆ మాట చెప్పకుండా కొత్త చెట్టు చేతిలో పెట్టడం సరికాదు.

జోసెఫ్త్ పూర్వీకుల్లో ఒక కరిన్యాన్ సైనికుడు, అతన్ని పెళ్లాడిన ‘రాజు కూతురు’ ఒకామె ఉన్నారు. 1663 నుంచి 1673 దాకా రాజు ఖర్చుతో పంపిన దాదాపు 800 మంది ఆడపిల్లలను అలా పిలుస్తారు. కాబట్టి గోడ మీది బొమ్మ తీసేయాల్సిన పని లేదు, గీత మాత్రం ఆడవాళ్ల మీదుగా వెళుతుంది. క్యుబెక్ మూలాలున్నవాళ్లలో చాలామందికి ఇది ఎలాగూ తేలుతుంది, అందుకే దీన్ని ఓదార్పుగా కాకుండా రుజువులతోనే ఇచ్చాను.

ఈ కేస్ తర్వాత నా పనిలో మార్చుకున్నవి కొన్నున్నాయి. ‘రిజిస్టరు పోయింది’ అని రాయాలంటే ఆ పారిష్ పేజీలు, కోర్టు ప్రతి రెండూ తిరగేసి, తేదీలతో సహా నోట్ చేస్తున్నాను. పెళ్లి నమోదును ఇండెక్స్‌లో దొరికినా ఇమేజ్ నుంచి పూర్తిగా ఎత్తిరాస్తున్నాను. మినహాయింపు, సాక్షులు, సంతకం వచ్చా రాదా అన్నవి చాలా ఇండెక్స్‌లలో ఉండవు. ఎవరినైనా ఒక కుటుంబానికి కలిపేముందు, అదే పేరున్న మిగతావాళ్ల చావు తేదీలు ముందు తెచ్చుకుంటున్నాను. పేరు అతుక్కుని ముందుకు కదలనప్పుడు పక్కనున్న ఆడమనిషిని పట్టుకుంటున్నాను.

గాస్కొనీ ముక్క ఇంకా తేలలేదు. వాంగ్మూలంలో చెప్పిన సెయింటు పేరుతో ఓష్ మేత్రాసనంలో మూడు పారిష్‌లు కనిపించాయి. వాటి రిజిస్టర్ల ఇమేజ్‌లు జేర్ జిల్లా ఆర్కైవ్స్ సైట్‌లో ఉన్నాయి. 1761లో 25 ఏళ్లంటే 1736 ప్రాంతంలో పుట్టి ఉండాలి. సైనికులు వయసు ఉజ్జాయింపుగా చెప్తారు కాబట్టి 1733 నుంచి 1739 దాకా చూస్తున్నాను. రెండు పారిష్‌లు అయిపోయాయి, అతను లేడు. మూడోదాంట్లో 1735 మార్చి దాకా వచ్చాను. నెలకోసారి మామగారు కోడలి ఫోన్‌లోంచి అడుగుతుంటారు, పియేర్ వాళ్లమ్మ పేరు తెలిసిందా అని.